లెక్క చూపని ధర చెల్లదు
సైనిక విమానాల విడిభాగాల వ్యయ అంచనా కోసం పర్చూరు నుంచి ప్రజల ముందుకు ఒక ప్రణాళిక

పర్చూరు, ఇంకొల్లు, మార్టూరు, కారంచేడు, చీరాల ప్రాంతాల రైతులం, లేత్ పనివాళ్లం, ఇంజనీరింగ్ విద్యార్థులం, ఖాతాలు రాసేవాళ్లం, వైమానిక దళంలో కొలువు చేసి ఊరికి తిరిగొచ్చినవాళ్లం కలిసి ఈ ప్రణాళికను ప్రకటిస్తున్నాం. సైనిక విమానాల విడిభాగాలకు దేశం ఎంత చెల్లించాలో ముందుగానే, ఆధారాలతో, తయారీ లెక్క కట్టి తేల్చే పద్ధతి రావాలి. మా ఉద్యమ లక్ష్యం ఇదొక్కటే.

ఈ మాట పర్చూరు నుంచి ఎందుకు?

మొదటి కారణం, ఆ విమానాలు మనకు పరాయివి కావు. పదహారో నంబరు జాతీయ రహదారి మీద కొరిశపాడు దగ్గర నాలుగు కిలోమీటర్లకు పైగా పొడవున అత్యవసర రన్‌వే ఉంది. 2022 డిసెంబరు 29న సుఖోయ్-30, తేజస్ విమానాలు దాని మీదుగా తక్కువ ఎత్తులో ఎగిరి వెళ్లాయి. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు అదే రోడ్డు మీద దిగి, తిరిగి లేచాయి. అటు బాపట్ల తీరంలో సూర్యలంక వైమానిక స్థావరం ఉంది. 2023 డిసెంబరులో అక్కడ జరిగిన అస్త్రశక్తి విన్యాసాల్లో ఆకాశ్ క్షిపణులను పరీక్షించారు. పాత రష్యన్ క్షిపణులను తిరిగి వాడుకుంటూ రూపొందించిన సమర్ వ్యవస్థనూ అక్కడే ప్రయోగించి చూశారు. వయసు మీరిన సామగ్రికి మళ్లీ ప్రాణం పోయవచ్చని మన తీరంలోనే రుజువైంది.

రెండో కారణం, పన్ను సొమ్ముకు జవాబు అడగడం ఈ నేలకు పాత అలవాటు. 1921లో చీరాల–పేరాల ప్రజలు మునిసిపల్ పన్ను భారానికి ఎదురు తిరిగారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో ఇళ్లు వదిలి రామనగరంలో పాకలు వేసుకుని నెలల తరబడి ఉన్నారు. మన పొరుగునే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్య చౌదరి నాయకత్వంలో రైతులు భూమి శిస్తు కట్టం అన్నారు. అది పరాయి ప్రభుత్వానికి పన్ను నిరాకరించిన కాలం. ఇప్పుడు ప్రభుత్వం మనది, సైన్యం మనది. పన్ను కడుతున్నాం, కడతాం. కట్టిన సొమ్ము దేనికి ఎంత పోయిందో, ఆ ధర ఎలా తేల్చారో అడుగుతాం.

మూడో కారణం అన్నిటికంటే బలమైనది. ఖర్చు అంచనా అంటే ఏమిటో పత్తి, మిర్చి పండించేవాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 1965 నుంచి వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ పని చేస్తోంది. విత్తనం, ఎరువు, పురుగుమందు, కూలి వంటి చేతి ఖర్చులను అది ఏ2 అంటుంది. దానికి కుటుంబం చేసిన చాకిరీ విలువ చేర్చి ఏ2 ప్లస్ ఎఫ్ఎల్ అంటుంది. సొంత భూమి కౌలు, సొంత పెట్టుబడి మీద వడ్డీ కూడా కలిపితే సీ2 అవుతుంది. 2025–26లో పొడవు పింజ పత్తికి క్వింటాలుకు రూ. 8,110 మద్దతు ధర ప్రకటించినప్పుడు, ఆ అంకె సీ2 ప్రకారం న్యాయమా కాదా అని మన ఊరి అరుగు మీద కూర్చుని వాదించగలిగాం. 2025 ఫిబ్రవరిలో మిర్చి ధర పడిపోయి, మార్కెట్ జోక్యం పథకం కింద కేంద్రం క్వింటాలుకు రూ. 11,781 అని తేల్చినప్పుడూ ఎకరా పెట్టుబడి లెక్క తీసి ఎదురు నిలిచాం. రైతు పంటకు ప్రతి పద్దూ విడదీసి ఖర్చు చూసే దేశంలో విమానానికి వేసే ఒక చిన్న బుష్‌కు, ఒక సీలుకు, ఒక పిన్నుకు ఆ లెక్క ఎందుకు ఉండకూడదు? ఈ ప్రశ్న నుంచే మా ఉద్యమం పుట్టింది.

సమస్య ఎంత పెద్దది?

విమానం కొన్న రోజున పత్రికల్లో వచ్చే అంకె మొత్తం ఖర్చులో చిన్న వాటా. ఒక ఆయుధ వ్యవస్థ జీవితకాలపు ఖర్చులో సుమారు 70 శాతం దాన్ని నడపడానికి, నిలబెట్టుకోవడానికే పోతుందని అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం ఏళ్లుగా చెబుతోంది. ఇంధనం, సిబ్బంది, మరమ్మతులతో పాటు విడిభాగాలు ఆ వాటాలో పెద్ద పద్దు. మిగ్-21 మన వైమానిక దళంలో 1963లో చేరింది, 2025 సెప్టెంబరు 26న సెలవు తీసుకుంది. అరవై రెండేళ్లు దానికి విడిభాగాలు సమకూర్చాం. అంతకు ఒక్క రోజు ముందు, సెప్టెంబరు 25న, 97 తేజస్ మార్క్-1ఏ విమానాల కోసం రక్షణ శాఖ హెచ్ఏఎల్‌తో రూ. 62,370 కోట్ల ఒప్పందం చేసుకుంది. వాటి విడిభాగాల బిల్లు మన మనవల కాలం దాకా వస్తూనే ఉంటుంది.

విడిభాగం వేళకు అందకపోతే కోట్లు పోసి కొన్న విమానం షెడ్డులో నిలబడిపోతుంది. సుఖోయ్-30 విమానాల్లో 75 శాతం ఎప్పుడూ ఎగరడానికి సిద్ధంగా ఉండాలన్నది నియమం. వాస్తవంలో 55–60 శాతమే సిద్ధంగా ఉంటున్నాయని 2015లో పార్లమెంటు ముందుకు వచ్చిన కాగ్ నివేదిక చెప్పింది. ఐఎల్-76 రవాణా విమానాలు 2010–16 మధ్య సగటున 38 శాతమే సిద్ధంగా ఉన్నాయని 2017 నాటి నివేదిక తేల్చింది. 2014 తర్వాత రష్యా, ఉక్రెయిన్ మధ్య చెడడంతో ఏఎన్-32 ఆధునికీకరణకు ఉక్రెయిన్ నుంచి రావలసిన భాగాలకు ఇబ్బంది వచ్చింది. కొరిశపాడులో మనం చూసిన విమానం ఆ కుటుంబానిదే.

కొరతకు కారణాలు చాలా ఉన్నాయి. విదేశీ సరఫరా ఆగిపోవడం, కాలం చెల్లిన డిజైన్లు, పొడుగ్గా సాగే ఫైళ్లు అందులో ఉన్నాయి. వాటన్నిటి వెనకా కనిపించకుండా పని చేసే కారణం ఒకటుంది, అదే తప్పుడు అంచనా. అంచనా ఎక్కువైతే ఖజానా నష్టపోతుంది. తక్కువైతే టెండరుకు ఎవరూ రారు, విమానం ఎగరదు. రెండు నష్టాలకూ మూలం ఒక్కటే.

అంచనా ఎక్కడ తప్పుతోంది?

ధర సమంజసమో కాదో చూడటానికి కొనుగోలు కార్యాలయాల్లో ఎక్కువగా ఆధారపడేది గత కొనుగోలు ధర మీద. కిందటిసారి ఎంతకు కొన్నామో చూసి, ఏటా ఇంత శాతమని పెంచి, కొత్త ధర దాని చుట్టుపక్కల ఉంటే సరే అంటారు. చూడటానికి ఇది న్యాయంగానే ఉంటుంది. లోపల ఏం జరుగుతుందో ఒక ఊహా లెక్కతో చూద్దాం.

ఒక చిన్న లోహపు బుష్ ఉందనుకోండి. ఒక్కోదానికి లోహం రూ. 700, మిషన్ పని రూ. 1,000, హీట్ ట్రీట్‌మెంట్, పూత రూ. 400, తనిఖీ రూ. 400. మొత్తం రూ. 2,500. దీనికి ముందు ఒక్కసారే పెట్టాల్సిన ఖర్చు ఇంకొకటి ఉంది. చెక్కేటప్పుడు భాగాన్ని పట్టి ఉంచే ఫిక్స్‌చర్ తయారీ, మిషన్ ప్రోగ్రాం, తొలి నమూనా పరీక్ష కలిపి రూ. 2,00,000. నాలుగు బుష్‌లే ఆర్డరిస్తే ఆ రెండు లక్షలు నాలుగింటి మీద పడి ఒక్కోటి రూ. 52,500 అవుతుంది. వంద ఆర్డరిస్తే రూ. 4,500కే వస్తుంది. రెండూ నిజమైన ధరలే.

మొదట నాలుగు కొని, రెండేళ్ల తర్వాత అదే తయారీదారు దగ్గర వంద కొన్నారనుకోండి. గత ధర మీద పది శాతం పెంచితే ఒక్కోటి రూ. 57,750. వందకు రూ. 57,75,000. ఫిక్స్‌చర్ సొమ్ము మనం ఎప్పుడో చెల్లించేశాం కాబట్టి ఈసారి అసలు ఖర్చు రూ. 2,50,000. పది శాతం లాభం కలిపినా రూ. 2,75,000. ఒక్క బుష్ పద్దులో 55 లక్షల తేడా. ఇందులో ఎవరూ లంచం తీసుకోలేదు, ఎవరూ ఫోర్జరీ చేయలేదు. ఫైలులో అన్ని సంతకాలూ సక్రమంగానే ఉంటాయి.

ఇప్పుడు తిరగేసి చూడండి. మొదట వంద కొన్నారు, ఆ తయారీదారు ఈలోగా దుకాణం మూసేశాడు. ఇప్పుడు నాలుగు కావాలి. గత ధర ప్రకారం గీత రూ. 4,950 దగ్గర గీశారు. కొత్తవాడికి ఒక్కోటి రూ. 52,500 పడుతుంది. అతను కొటేషన్ పంపడు, పంపినా ధర ఎక్కువని తిప్పి పంపేస్తారు. ఫైలు తిరుగుతూనే ఉంటుంది, విమానం నిలబడే ఉంటుంది.

అందుకే మేమంటున్నాం: పాత ధర ఒక సమాచారం మాత్రమే. సాక్ష్యం తయారీ లెక్కే.

విడిభాగం ఖర్చు ఎలా ఏర్పడుతుంది?

సైనిక విమానాల విడిభాగం ఖరీదుగానే ఉంటుంది. ఎందుకు ఖరీదో పద్దుల వారీగా తెలుసుకున్నవాడే అన్యాయమైన ధరను పట్టుకోగలడు.

మొదటిది లోహం. హైదరాబాదులోని మిధాని వంటి సంస్థలు తయారు చేసే టైటానియం, ప్రత్యేక ఉక్కు, నికెల్ మిశ్రమాలు బజారులో దొరికే ఇనుము కావు. పైగా దిమ్మ నుంచి చెక్కి భాగాన్ని తీసేటప్పుడు చాలా లోహం పొట్టుగా పోతుంది. కొన్న లోహం ఎంత, చివరికి విమానంలో ఎగిరే లోహం ఎంత అన్న నిష్పత్తి తెలియకపోతే లోహపు పద్దు ఎవరు ఎంత రాసినా నమ్మాల్సిందే. ఆ పొట్టు అమ్మితే వచ్చే డబ్బు కూడా లెక్కలోకి రావాలి.

రెండోది మిషన్ గంట. హైదరాబాదు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో పని చేసే టర్నరును అడిగితే డ్రాయింగు చూసి ఎన్ని గంటల పనో చెబుతాడు. ఆ అనుభవం కొనుగోలు ఫైలులోకి చేరే దారి మాత్రం ఇప్పుడు చాలా సన్నం. పని చేసేకొద్దీ చెయ్యి తిరుగుతుంది, గంటలు తగ్గుతాయి. 1936లో అమెరికన్ ఇంజనీరు టి.పి. రైట్ విమానాల తయారీని పరిశీలించి, మొత్తం సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ ఒక్కో విమానానికి పట్టే శ్రమ ఇరవై శాతం దాకా తగ్గుతోందని చూపించాడు. తొంభై ఏళ్ల నాటి ఈ సూత్రం ప్రతి పెద్ద ఆర్డరు అంచనాలోనూ కనిపించాలి.

మూడోది నమ్మకం కోసం పెట్టే ఖర్చు. హీట్ ట్రీట్‌మెంట్ రికార్డు, పగుళ్లు లేవని తేల్చే పరీక్షలు, సైనిక విమానాల నాణ్యతను చూసే డీజీఏక్యూఏ సంస్థ తనిఖీ, సెమిలాక్ అనే సంస్థ ఇచ్చే ఎగిరే యోగ్యత అనుమతి ఇందులోకి వస్తాయి. పైలట్ ప్రాణం వీటి మీదే ఉంది. ఈ పద్దులో ఒక్క రూపాయి కూడా కోయమని మేము అడగం. ఏ పరీక్షకు ఎంత అన్నది విడిగా రాయమంటాం, చేసిన పరీక్షకు రెండుసార్లు డబ్బు తీసుకోవద్దంటాం.

నాలుగోది పైఖర్చులు. కార్యాలయం, కరెంటు, డిజైన్ విభాగం జీతాలు ప్రతి భాగం మీదా కొంత పడాలి. ఏ ప్రాతిపదికన పడుతున్నాయన్నదే అసలు విషయం. దిగుమతి భాగాల్లో వీటికి మారకపు రేటు, విమాన రవాణా, కనీసం ఇన్ని కొనాలన్న షరతు తోడవుతాయి.

చివరిది లాభం. తయారీదారుకు లాభం ఉండాలి. నష్టానికి పని చేసిన షెడ్డు మూడో ఏడు మూతపడుతుంది, నాలుగో ఏడు మనమే విదేశానికి పరుగెత్తాలి. ఆ లాభం ఎంతో కాగితం మీద కనబడాలి.

ప్రపంచం చెప్పే పాఠం

అమెరికాలో 1980లలో 435 డాలర్ల సుత్తి, 640 డాలర్ల టాయిలెట్ సీటు మూత, 7,622 డాలర్ల కాఫీ యంత్రం కథలు దేశాన్ని కుదిపాయి. సుత్తి ధర వెనక ఉన్న పద్దును విడదీస్తే ఒక సంగతి బయటపడింది. పెద్ద ఒప్పందంలోని ఇంజనీరింగ్ పైఖర్చులను జాబితాలోని ప్రతి వస్తువు మీదా సమానంగా పంచేశారు. ఇంజను భాగం మీద ఎంత పడిందో సుత్తి మీదా అంతే పడింది. ప్రజలకు దొంగతనంలా కనిపించిన దానిలో పెద్ద భాగం పద్దు రాసే పద్ధతిలోని లోపం.

అసలైన అన్యాయమూ ఉంది. ట్రాన్స్‌డైమ్ అనే సంస్థ అమ్మిన 47 రకాల విడిభాగాలను అమెరికా రక్షణ శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ తనిఖీ చేసి 2019లో నివేదిక ఇచ్చాడు. 46 రకాల మీద మితిమీరిన లాభం తీసుకున్నట్టు తేలింది. 46 డాలర్లకు రావలసిన అర అంగుళం పిన్ను 4,361 డాలర్లకు అమ్మారు. చివరికి ఆ సంస్థ కోటీ అరవై ఒక్క లక్షల డాలర్లు తిరిగి కట్టింది. ఇది ఎలా సాధ్యమైంది? ఖర్చు వివరాలు బయటపెట్టి తీరాలనే చట్టం అక్కడ 1962 నుంచీ ఉంది. అది ఒక పరిమితి దాటిన ఒప్పందాలకే వర్తిస్తుంది. విడిభాగాల ఆర్డర్లలో ఎక్కువ భాగం ఆ పరిమితి లోపే ఉండిపోయాయి. అమ్మేవాడు ఒక్కడే, ఆర్డరు చిన్నది, ప్రశ్న అడిగే అధికారం లేదు. ఈ మూడూ కలిసిన చోట ధర ఆకాశానికెక్కింది.

2024 అక్టోబరులో అదే ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం నుంచి మరో నివేదిక వచ్చింది. సీ-17 రవాణా విమానాల్లోని సబ్బు డిస్పెన్సర్లకు బజారు ధరకు ఎనభై రెట్లకు పైగా చెల్లించారని అది చెప్పింది. మన వైమానిక దళం దగ్గర కూడా పదకొండు సీ-17లు ఉన్నాయి. ఆ దేశంలో ఇది బయటపడింది, ఎందుకంటే విడిభాగాల ధరలు తీసి బజారు ధరతో పోల్చి చూసి, ఫలితాన్ని ప్రజల ముందు పెట్టే వ్యవస్థ ఉంది. ఆ వ్యవస్థ మనకూ కావాలి.

మన దేశంలో తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. 2020 ఆగస్టులో మొదలైన సృజన్ పోర్టల్లో దిగుమతి చేసుకుంటున్న రక్షణ వస్తువుల జాబితాలు దేశీయ తయారీదారుల కోసం పెట్టారు. 2025 నవంబరు 1 నుంచి కొత్త రక్షణ కొనుగోళ్ల మాన్యువల్ అమల్లోకి వచ్చింది. దాని కింద ఏటా జరిగే కొనుగోళ్ల విలువ లక్ష కోట్ల రూపాయల దాకా ఉంటుంది. దేశంలో కొత్తగా అభివృద్ధి చేసిన వస్తువుకు అయిదేళ్ల దాకా ఆర్డర్ల హామీ ఇవ్వవచ్చని అది చెబుతోంది. విమానాల మరమ్మతులో విప్పి చూశాక పెరిగే పనికి ముందే 15 శాతం ఏర్పాటు చేసుకోవచ్చనీ చెబుతోంది. మంచి మార్పులు. కానీ ఆర్డరు హామీ ఏ ధరకు? పదిహేను శాతం దేని మీద? పునాది అంచనా తప్పైతే దాని మీద కట్టిన ప్రతి సంస్కరణా పక్కకు ఒరుగుతుంది.

మా సూత్రాలు

ప్రతి ధరకూ తయారీ లెక్క ఉండాలి. లెక్క లేని ధరను, అది ఎక్కువైనా తక్కువైనా, అంగీకరించకూడదు.

మా లక్ష్యం సరైన ధర. చౌకదనం కోసం నాణ్యతను వదులుకునే ఏ ఆలోచననూ మేము సమర్థించం.

అంచనా వేసే అధికారికి శిక్షణ, సమయం, రక్షణ ఉండాలి. నిజాయితీగా వేసిన అంచనా తప్పిపోతే అది నేర్చుకోవాల్సిన పాఠమే. అంచనా తప్పితే శిక్ష పడుతుందన్న భయంతోనే అధికారులు పాత ధర చాటున దాక్కుంటున్నారు.

దేశ భద్రత రహస్యాలు రహస్యంగానే ఉండాలి. లాభం శాతాన్ని రహస్యం పేరుతో దాచకూడదు.

మా డిమాండ్లు

1. ప్రతి బేస్ రిపేర్ డిపోలో, ప్రతి కొనుగోలు కార్యాలయంలో శాశ్వత వ్యయ అంచనా విభాగం ఏర్పాటు చేయాలి. అందులో ఇంజనీర్లు, కాస్ట్ అకౌంటెంట్లతో పాటు అనుభవమున్న మిషనిస్టులూ ఉండాలి.

2. ధరల కవర్లు తెరవకముందే, ఈ వస్తువు తయారీకి ఎంత ఖర్చు కావాలో స్వతంత్రంగా లెక్కకట్టి ఫైలులో పెట్టాలి. తక్కువ విలువ వస్తువులకు ఒక్కోదానికి కాకుండా ఒకే రకం భాగాలను గుంపుగా తీసుకుని లెక్కకట్టవచ్చు.

3. గత కొనుగోలు ధరను చూపేటప్పుడు ఆనాటి సంఖ్య, సంవత్సరం, ఒక్కసారి ఖర్చు అందులో ఉందా లేదా అన్నది తప్పక రాయాలి.

4. ప్రతి కొటేషన్లో ఒక్కసారి పెట్టే ఖర్చు, ఒక్కో వస్తువు ఖర్చు, పైఖర్చుల ప్రాతిపదిక, లాభం విడివిడిగా ఉండాలి. ప్రజల సొమ్ముతో చేసిన జిగ్గులు, ఫిక్స్‌చర్లు, ప్రోగ్రాములు ప్రజల ఆస్తిగా నమోదు కావాలి.

5. పైఖర్చులను జాబితాలోని వస్తువులన్నిటి మీదా సమానంగా పంచే పద్ధతిని నిషేధించాలి.

6. అమ్మేవాడు ఒక్కడే అయినప్పుడు విడి ఆర్డరు విలువతో పనిలేకుండా, ఏడాది మొత్తం కొనుగోలు విలువను బట్టి ఖర్చు రికార్డులు అడిగే అధికారం ఉండాలి.

7. కొత్త విమానం కొనే రోజునే దాని విడిభాగాల ధరల జాబితా, ఏటా పెంచే సూత్రం, డ్రాయింగుల మీద హక్కు ఒప్పందంలో చేరాలి. విమానం చేతికొచ్చాక బేరమాడే బలం మనకు ఉండదు.

8. ఏ భాగం ఎన్ని గంటలకు పాడవుతోందో స్థావరాల నుంచి వచ్చే రికార్డును అంచనాకు జోడించాలి. వైమానిక దళం, నౌకాదళం, సైన్యం, తీర రక్షక దళం ఒకే భాగాన్ని ఒకే సంఖ్యతో గుర్తించి, కలిపి కొనాలి.

9. విమానం నిలిచిపోయిన అత్యవసరంలో లెక్క కోసం ఆగకుండా కొనవచ్చు. ఆ కొనుగోలుకు తొంభై రోజుల లోపు తయారీ లెక్క వేసి, తర్వాతి ఆర్డరుకు దాన్నే ఆధారం చేసుకోవాలి.

10. చిన్న తయారీదారులకు బిల్లులు గడువులో చెల్లించాలి. ఆలస్యపు వడ్డీని వాళ్లు ధరలో కలుపుకోవడం వల్ల చివరికి నష్టపోయేది ఖజానాయే.

11. అంచనాకు, చెల్లించిన ధరకు, అసలు ఖర్చుకు మధ్య తేడాను విభాగాల వారీగా ఏటా పార్లమెంటుకు నివేదించాలి. విమానాల సంఖ్య, మోహరింపు, సామర్థ్యం వంటి వివరాలు లేకుండానే ఆ నివేదిక ఇవ్వవచ్చు.

మా కార్యక్రమం

డిమాండ్లు పెట్టి కూర్చోవడానికి ఈ ఉద్యమం పుట్టలేదు. పర్చూరులో ప్రతి ఆదివారం అంచనా పాఠశాల నడుపుతాం. డ్రాయింగు చదవడం, లోహం తూకం కట్టడం, తరుగు తీయడం, మిషన్ గంటలు వేయడం, ఖర్చు పత్రం రాయడం అందులో నేర్పుతాం. లేత్ పనివాళ్లు గురువులుగా ఉంటారు, పట్టభద్రులు వాళ్ల దగ్గర కూర్చుని నేర్చుకుంటారు. ఎకరా మిర్చికి పెట్టుబడి పత్రం రాయగలిగిన రైతు బిడ్డకు బుష్ ఖర్చు పత్రం నేర్చుకోవడం కష్టం కాదు.

మన ప్రాంతంలో మిషన్ గంట రేట్లు, లోహాల ధరలు, పూతల రేట్లు ప్రతి మూడు నెలలకూ సేకరించి అందరికీ అందేలా ప్రచురిస్తాం. బహిరంగంగా ఉన్న టెండర్లు, సృజన్ జాబితాలు చూసి, రహస్యం లేని సాధారణ వస్తువులకు మా ఖర్చు పత్రాలు తయారు చేస్తాం. మా లెక్క తప్పని ఎవరు చూపినా సరిదిద్దుకుని, ఆ దిద్దుబాటునూ ప్రచురిస్తాం.

సమాచార హక్కు చట్టం మా ప్రధాన సాధనం. ఆ చట్టంలోని నాలుగో సెక్షన్ అడగకముందే సమాచారం వెల్లడించమంటోంది. ఎనిమిదో సెక్షన్ దేశ భద్రతను, వ్యాపార రహస్యాన్ని కాపాడుతూనే, ప్రజా ప్రయోజనం ఎక్కువైనప్పుడు సమాచారం ఇవ్వవచ్చంటోంది. ఆ గీత లోపలే ఉండి అడుగుతాం. దొరికిన లెక్కలను కాగ్‌కు, పార్లమెంటు ప్రజా పద్దుల సంఘానికి, మన ఎంపీలకు పంపుతాం.

బాపట్ల, చీరాల, గుంటూరు, ఒంగోలు ఇంజనీరింగ్ కళాశాలలను ఒకటి కోరతాం. చివరి ఏడాది ప్రాజెక్టుల్లో కొన్నిటిని వ్యయ అంచనాకు కేటాయించండి. భాగాన్ని డిజైన్ చేయడం నేర్పే సిలబస్ ఉంది, దాని ధర కట్టడం నేర్పే గంటలు చాలా తక్కువ. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన ఏరోస్పేస్, రక్షణ విధానంలో జగ్గయ్యపేట–దొనకొండ ప్రాంతం పేరు ఉంది. ఆ పరిశ్రమలు వచ్చిన రోజున మన పిల్లలు గేటు దగ్గర కాపలా కాసేవాళ్లుగా మిగలకూడదు. ఖర్చు కట్టగలిగిన, కొటేషన్ ఇవ్వగలిగిన తయారీదారులు కావాలి.

మా హద్దులు

రహస్య పత్రాలు అడగం, ఎవరైనా తెచ్చిచ్చినా తీసుకోం. లెక్క చూపకుండా ఏ అధికారి మీదా, ఏ సంస్థ మీదా ఆరోపణ చేయం. విమానాలు అమ్మేవాళ్ల నుంచి, విడిభాగాల వ్యాపారుల నుంచి, రాజకీయ పార్టీల నుంచి విరాళం తీసుకోం. ఏ పార్టీవారైనా సభ్యులు కావచ్చు, ఏ పార్టీ జెండా మాత్రం మా వేదిక మీద ఉండదు. ప్రతి నెలా మా జమాఖర్చులు పర్చూరులో గోడ మీద అంటిస్తాం. ఇతరులను లెక్క అడిగేవాళ్లు ముందు తమ లెక్క చూపాలి.

పిలుపు

రైతులారా, గిట్టుబాటు ధర కోసం ఇన్నేళ్లు ఖర్చు లెక్కలు మోసిన అనుభవం మీది. ఆ అనుభవాన్ని దేశ రక్షణకు ఇవ్వండి.

లేత్ మీద, మిల్లింగ్ మీద చేతులు అరిగిన అన్నలారా, మీకు తెలిసిన గంటల లెక్క ఏ ఆడిట్ నివేదికలోనూ లేదు. వచ్చి చెప్పండి, రాసుకుంటాం.

వైమానిక దళంలో, హెచ్ఏఎల్‌లో, డిపోల్లో పని చేసి రిటైరైన పెద్దలారా, రహస్యాలు మాకొద్దు. అంచనా ఎలా వేయాలో, ఎక్కడ తప్పుతుందో పిల్లలకు నేర్పండి.

హైదరాబాదులో, బెంగళూరులో, అమెరికాలో విమాన పరిశ్రమలో ఉన్న మన ప్రాంతపు ఇంజనీర్లారా, నెలకు రెండు గంటలు ఈ పాఠశాలకు కేటాయించండి.

అధికారులారా, మీరు మా ప్రత్యర్థులు కారు. సరైన అంచనా మీ సంతకానికి రక్ష. ఆ రక్షను కల్పించమనే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం.

యువతీ యువకులారా, దేశభక్తికి కొలత నినాదం ఒక్కటే కాదు. ఒక పిన్ను ధర సరిగ్గా కట్టగలిగినవాడు కూడా సరిహద్దుకు కాపలాదారే. వచ్చే ఆదివారం పెన్ను, పుస్తకం, ఒక వెర్నియర్ కాలిపర్ తీసుకుని పర్చూరు రండి. సభ్యత్వానికి రుసుము లేదు. ఒక విడిభాగానికి ఖర్చు పత్రం పూర్తిగా రాసి, పదిమంది ముందు దాన్ని నిలబెట్టగలగడమే సభ్యత్వం.